టైరు మీది తారీఖు

బుధవారం మధ్యాహ్నం మూడింటికల్లా చిన్నపుల్లయ్య పదకొండు కార్ల కింద దూరి బయటికి వచ్చాడు. వీపు కింద పరచుకునే అట్టపెట్టె ముక్క చెమటకు మెత్తబడి రెండుగా విడిపోతే, తోటి పనివాడు దావూద్ ఇంకో అట్ట తెచ్చి పడేశాడు. కువైట్ దజీజ్‌లో గోడౌన్ల వెనక సందులో ఉన్న ఆ గారేజీ ముందు ఇంకా కార్లు వరసలో నిలబడి ఉన్నాయి. మామూలు రోజుల్లో అక్కడికి వచ్చేవి పంచరైన డెలివరీ వ్యాన్లు, బ్రేకులు అరిగిన టాక్సీలు. ఆ రోజు మాత్రం రంగురంగుల కార్లు, వాటి పక్కన నల్ల కళ్ళద్దాల కుర్రాళ్ళు.

శుక్రవారం పొద్దున పందెం ఉంది. ఎడారిలో కొత్తగా వేసి ఇంకా జనానికి తెరవని యాభై కిలోమీటర్ల రోడ్డు మీద, పోలీసుల అనుమతితో, వేగమంటే పిచ్చి ఉన్నవాళ్ళ క్లబ్బు ఒకటి ఏడాదికోసారి నడిపే పందెం. ఎవరు ముందొస్తే వాళ్ళదే గెలుపు అనుకుంటే పొరపాటు. ప్రతి కారుకూ ఒక క్లాసు ఉంటుంది. నూట అరవై, నూట ఎనభై, రెండొందలు, రెండొందల ఇరవై. నూట అరవై క్లాసు వాడు రోడ్డు మొదటి నుంచి చివరిదాకా సగటున గంటకు సరిగ్గా నూట అరవై కిలోమీటర్ల మీదే పోవాలి. సెకను ముందొచ్చినా తప్పే, వెనకొచ్చినా తప్పే. అందుకే డ్రైవరు పక్కన స్టాప్ వాచీ పట్టుకుని ఇంకో మనిషి కూర్చుంటాడు. ఇంత డబ్బు పోసి కార్లు కొనుక్కున్నవాళ్ళు రైల్వే గార్డుల్లా టైము చూసుకుంటూ పోవడంలో ఏం సరదా ఉందో చిన్నపుల్లయ్యకు మొదట్లో అంతుబట్టలేదు. తర్వాత తర్వాత అతనికీ ఆ పిచ్చి కొంచెం అంటుకుంది.

ఏ కారు ఏ క్లాసుకు తగుతుందో తేల్చేవి టైర్లు. టైరు పక్కన ఒక అక్షరం ఉంటుంది. అది ఎంత వేగాన్ని తట్టుకుంటుందో ఆ అక్షరమే చెబుతుంది. దానికి కాస్త దూరంలో నాలుగు అంకెలు, ఏ ఏడాది ఎన్నో వారంలో తయారైందో చెప్పేవి. చాలాసార్లు ఆ అంకెలు లోపలివైపు పడతాయి, కారు కిందికి దూరితే తప్ప కనబడవు. ఐదేళ్ళు దాటిన టైరు ఎంత నిగనిగలాడుతున్నా ఏ క్లాసుకూ పనికిరాదని క్లబ్బు రూలు. ఇక్కడి ఎండకు రబ్బరు పైకి బాగానే ఉండి లోపల్లోపల ఎండిపోతుంది.

ఆ తనిఖీని క్లబ్బు చిన్నపుల్లయ్యకు అప్పగించింది, బుధవారం ఐదింటికి గడువు. అతను కింద పడుకుని అంకెలు అరిచి చెప్పేవాడు, కడప దావూద్ పైన ఫారం మీద రాసేవాడు. చివర్లో చిన్నపుల్లయ్య చేతులు తుడుచుకుని లేచి, అడుగున తెలుగులో సంతకం పెట్టి, క్లాసు అంకె ఉన్న స్టిక్కరు కారు అద్దం మీద అతికించేవాడు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం మీద, పూచీ ఉన్న యజమాని కఫీల్ సంతకం, జీతం కాగితం మీద మేనేజర్ సంతకం, రూము అద్దె కాగితం మీద ఇంకెవరిదో సంతకం. పదహారేళ్ళలో ఈ దేశంలో తన మాట మీద నడిచిన కాగితం ఇదొక్కటే. ఆ సంతకం పెట్టేటప్పుడు అతను కొంచెం ఎక్కువసేపే తీసుకునేవాడు. దావూద్ నవ్వితే నవ్వనీ అనుకునేవాడు.

నాలుగుంపావుకు పవన్ కుమార్ వంతు వచ్చింది. రాజోలు మనిషి, కువైట్ సిటీలో ఒక ఆఫీసులో డ్రాయింగులు గీసే ఉద్యోగం, ఫారం మీద సాల్మియా అడ్రసు రాయించాడు. సెకండ్ హ్యాండులో కొన్న తెల్లకారును అద్దంలా తుడిచి తెచ్చాడు. పక్కన భార్య రూబీ. ఆస్పత్రిలో నర్సు, యూనిఫారం మీదే వచ్చేసింది. పందెంలో స్టాప్ వాచీ ఆమె చేతిలో ఉంటుంది.

"నమస్కారమండి బాబాయ్ గారూ. ఇక్కడ చూసేది మన తెలుగాయనే అని తెలిసాకా మాకు సగం ధైర్యం వచ్చేసిందండి," అన్నాడు పవన్ కుమార్.

"ధైర్యం కార్లో ఉండాల నాయనా, నా దగ్గర గాదు," అని చిన్నపుల్లయ్య అట్ట మీద వాలి కారు కిందికి జారాడు.

మూడు టైర్లు బాగానే ఉన్నాయి. ముందు ఎడమ టైరు లోపలివైపు మట్టి పట్టి ఉంది. బొటనవేలు నాలిక మీద తడి చేసుకుని రుద్దాడు. మూడు, ఒకటి, సున్నా, మూడు. రెండు వేల మూడులో ముప్పై ఒకటో వారం. ఇప్పుడు నడుస్తున్నది రెండు వేల తొమ్మిది మార్చి.

మెల్లగా చెప్పవచ్చు. పక్కకు పిలిచి చెప్పవచ్చు. చిన్నపుల్లయ్య బయటికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, సందు చివరిదాకా వినబడేలా అరిచాడు. "దావూదూ, రాసుకో. ముందు ఎడమ, ముప్పై ఒకటి, సున్నా మూడు. ఫెయిలు!"

"అదేంటండీ బాబాయ్ గారూ, టైరు గాళ్ళు చూడండి, నిన్న కొన్నట్టు లేదాండీ?"

"గాళ్ళు జూసి మోసపోయేటోన్ని గాదు నేను. ముసిల్దానికి రంగేసి తెచ్చినావు. ఆరేండ్ల టైరు నాయనా ఇది. నూట అరవైకి గాదు, కూరగాయల మార్కెట్టుకు గూడ పనికిరాదు."

దావూద్ ఆ మాట హిందీలో తిప్పి చెప్పాడు. వరసలో ఉన్న కుర్రాళ్ళు పకపకా నవ్వారు. పవన్ కుమార్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

"పక్క వీధిలోనే టైరు షాపుందండి. మార్పించుకుని ఐదుంపావుకల్లా వచ్చేస్తానండి. రూబీ ఇద్దరి నైట్ డ్యూటీలు చేసి శుక్రవారం సెలవు మార్చుకుందండి. రెండు నెలల్నించీ ప్రాక్టీసు చేస్తున్నామండి."

"అయిదుకు క్లోజు."

"ఓ పదిహేను నిమిషాలండీ బాబాయ్ గారూ."

"రూలంటే రూలే. నీకొక రూలు, ఇంగొకనికి ఇంగో రూలు ఉంటాదా?"

రూబీ చేతిలోని స్టాప్ వాచీ హ్యాండుబ్యాగులో పెట్టుకుని, "పదండి," అంది భర్తతో. తెల్లకారు వెనక్కి తిరగడానికి సందులో చోటు చాలక నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ పోయింది. అంతసేపూ కుర్రాళ్ళు చూస్తూనే ఉన్నారు. చిన్నపుల్లయ్యకు ఛాతీ నిండినట్టుంది. పని అంటే ఇలా ఉండాలి అనుకున్నాడు.

ఐదుకు పది నిమిషాలుందనగా బదర్ వచ్చాడు. గారేజీ కఫీల్ కొడుకు, ఇరవై ఆరేళ్ళవాడు. వరసలో ఉన్నవాళ్ళు ఎవరూ అడగకుండానే కార్లు పక్కకు తీశారు. నీలం కారు నేరుగా షెడ్డు కిందికి వచ్చి ఆగింది. బదర్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే దిగి, చిన్నపుల్లయ్య భుజం తట్టి, "పుల్లయా, యల్లా," అని తొందరపెట్టాడు. రెండొందల ఇరవై క్లాసుకు పేరిచ్చాడు. ఎవరో స్నేహితుడి దగ్గర రిమ్ములతో సహా కొన్న టైర్లు. గాళ్ళు అరగలేదు, అక్షరం సరిపోయింది.

వెనక కుడి టైరు లోపలి వైపు అంకెలు దీపం వేసుకుని చదివాడు చిన్నపుల్లయ్య. ఒకటి, ఎనిమిది, సున్నా, మూడు. మళ్ళీ చదివాడు. పవన్ కుమార్ టైరు కంటే పదమూడు వారాలు ముసలిది.

కింద పడుకుని చూస్తే బదర్ తెల్ల బూట్లు మాత్రమే కనబడుతున్నాయి. ఫోనులో ఎవరితోనో నవ్వుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. బయటికి వచ్చి, అందరి ముందూ, ఇందాకటి గొంతుతోనే ఫెయిలు అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. చిన్నపుల్లయ్య ఇంజన్ అడుగుభాగాన్ని కాసేపు చూశాడు. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు.

"అన్నా, వెనక కుడి?" అన్నాడు పైనుంచి దావూద్.

"పద్దెనిమిది, సున్నా ఏడు," అన్నాడు చిన్నపుల్లయ్య.

దావూద్ రాసుకున్నాడు. బదర్ ఇటు తిరిగి కూడా చూడలేదు. పాస్ చెయ్యమని అతను అడగలేదు. ఎవరూ అడగలేదు. చిన్నపుల్లయ్య లేచి, చేతులు తుడుచుకుని, సంతకం పెట్టి, రెండొందల ఇరవై స్టిక్కరును బుడగలు లేకుండా గుడ్డతో నొక్కి అతికించాడు. సంతకం ఎప్పటిలాగే వచ్చింది. చెయ్యి వణకను కూడా లేదు. తర్వాత తల్చుకున్నప్పుడల్లా అతనికి అన్నిటికన్నా ఎక్కువ సిగ్గేసింది దానికే.

గురువారం పొద్దున్నుంచీ అతనికి పని మీద చెయ్యి పోలేదు. ఒక వ్యాను చక్రానికి ఐదు నట్లుంటే నాలుగు బిగించి పక్కకొచ్చేశాడు. దావూద్ చూసి ఐదోది బిగించాడు. చెప్పేస్తే అయిపోతుంది, ఇంకా ఒక రోజుంది, అని చిన్నపుల్లయ్య మనసులో వంద సార్లు అనుకున్నాడు. చెబితే ఏమవుతుంది? నిన్న ఏడు అని ఎందుకన్నావని అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఆలోచన గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయేది.

భోజనాల వేళకు తెల్లకారు మళ్ళీ సందులోకి వచ్చింది. పవన్ కుమార్, రూబీ దిగారు. గొడవకు వచ్చారనుకుని చిన్నపుల్లయ్య గొంతు సవరించుకున్నాడు. రూబీ చేతిలో మూడు గిన్నెల క్యారియర్ ఉంది.

"బాబాయ్ గారూ, ముందు నన్ను క్షమించాలండి," అన్నాడు పవన్ కుమార్. "నిన్న ఇంటికెళ్ళేదాకా మిమ్మల్ని తిట్టని తిట్టు లేదండి. చీకటి పడ్డాకా ఆ టైరు మార్పిద్దామని ఊడదీయించానండి. లోపలివైపు ఇంతమేర పగిలిపోయుందండి. వేలు దూరిపోయిందండి!"

"షాపతను చూపించాడండి," అంది రూబీ. "నూట అరవై మీద అది ఊడితే ఏమవుతుందో నాకు ఇంకోళ్ళు చెప్పక్కర్లేదండి. నేను ఎమర్జెన్సీలో చేస్తాను. వారానికి ఇద్దరు ముగ్గుర్ని రోడ్డు మీంచి మా దగ్గరికి తెస్తారు. కొందరికి మేం చెయ్యడానికేం మిగలదు." ఆమె రెండు చేతులూ జోడించింది. "మా పాపను అమలాపురంలో మా అమ్మ దగ్గర పెట్టి వచ్చామండి. రాత్రి దానికోసం ప్రార్థన చేసుకునేటప్పుడు మీ పేరు కూడా చెప్పుకున్నాను."

"ఊరికే వదిలెయ్యొచ్చు కదండీ మీరు, మనవాళ్ళే కదా అని," అన్నాడు పవన్ కుమార్. "మనవాళ్ళు కాబట్టే అంత గట్టిగా ఉన్నారని రూబీయే చెప్పిందండి. రొయ్యల ఇగురండి. మీకోసమే పొద్దున్నే లేచి చేసింది."

చిన్నపుల్లయ్యకు తల కొట్టేసినట్టయింది. అయ్యో అట్లాంటిదేమీ లేదమ్మా అనబోయాడు. వాళ్ళు అది వినయం కింద తీసుకుంటారని తెలిసి అదీ అనలేకపోయాడు. "తీసుకుంటా లేమ్మా," అని మాత్రం గొణిగాడు. వాళ్ళు వెళ్ళిపోయాక క్యారియర్ బల్ల మీదే ఉండిపోయింది. దావూద్ మూత తీసి వాసన చూశాడు.

"తినవాన్నా?"

"నువ్వు తిను. నాకు కడుపులో బాగలేదు."

"ఏమన్నా అను, నీ కన్ను కన్నేనన్నా," అన్నాడు దావూద్ అన్నంలో ఇగురు కలుపుకుంటూ. "బదర్ సార్ టైర్లు ఎవరో దోస్తు గోడౌన్లో పడి ఉండేవంట గదా. పాతవేమో అనుకున్న్యా నేను. బాగుండాయా?"

"బాగుండాయి," అన్నాడు చిన్నపుల్లయ్య.

మూడింటికి బదర్ గాలి చూపించుకోడానికి వచ్చాడు. చిన్నపుల్లయ్య గేజీ తీసుకుని ఒక్కొక్క వాల్వు దగ్గరా గొంతుక్కూర్చున్నాడు. వెనక కుడి టైరు దగ్గర కూర్చుని గాలి కావలసినదానికన్నా ఎక్కువసేపు చూశాడు. ఇప్పుడు షెడ్డులో వాళ్ళిద్దరే ఉన్నారు. అందరి ముందూ చెప్పవలసిన అవసరం కూడా లేదు. ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

"బదర్ సార్," అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య నడిచేది సగం అరబిక్, సగం హిందీ. "ఈ టైరు..."

బదర్ వంగి, నవ్వుతూ అతని మొహంలోకి చూశాడు. "ఏం పుల్లయా? మియ మియ?"

నూటికి నూరేనా అని అడగడం. గారేజీలో రోజుకు ఇరవై సార్లు వినే మాట. దానికి జవాబు కూడా అలవాటైనదే. "మియ మియ," అన్నాడు చిన్నపుల్లయ్య. బదర్ అతని వీపు మీద చరిచి కారెక్కాడు. కారు సందు మలుపు తిరిగాక చిన్నపుల్లయ్య గేజీ చేతిలో పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. తనను తాను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. అంత సిగ్గూ ఒక్కడే ఉన్నప్పుడు వచ్చి ఏం లాభం?

శుక్రవారం పొద్దున ఏడింటికల్లా గారేజీ వ్యాను పందెం ముగిసే చోటికి చేరింది. పల్చటి దుమ్ము లేచి ఆకాశమూ ఇసకా ఒకే రంగులో ఉన్నాయి. పసుపు కోటు వేసుకుని, చేతిలో అట్టతో ఎదురొచ్చిన మనిషి పవన్ కుమార్ అని గుర్తుపట్టడానికి చిన్నపుల్లయ్యకు క్షణం పట్టింది. నడపడానికి లేకపోయినా టైములు రాసుకునే పనికి వచ్చాడట. చిన్నపుల్లయ్యను చూడగానే పక్కనున్నవాళ్ళను పిలిచి, ఈయనే, నేను చెప్పానే ఆయన, అని పరిచయం చేశాడు. ఒక ముసలి ఇంజనీరు చెయ్యి కలిపాడు. ఇంకొకతను టీ తెచ్చిచ్చాడు. చిన్నపుల్లయ్య ఆ టీ పట్టుకుని వ్యాను వెనక్కు పోయి ఇసకలో పారబోశాడు.

తక్కువ క్లాసులు ముందు. నూట అరవై వాళ్ళు వచ్చారు, నూట ఎనభై వాళ్ళు వచ్చారు. రెండొందల ఇరవై వాళ్ళు ఆఖరు. వాళ్ళలోనూ చివరిగా బదర్ కారు రోడ్డు అటు కొస నుంచి బయలుదేరిందని వైర్‌లెస్‌లో చెప్పారు. యాభై కిలోమీటర్లు, రెండొందల ఇరవై మీద, పదమూడు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు. చిన్నపుల్లయ్య వాచీ చూసుకున్నాడు. ఒక నిమిషం. బదర్ పక్కన స్టాప్ వాచీ పట్టుకుని కూర్చున్నవాడు అతని చెల్లెలి మొగుడు. పెళ్ళయి ఆరు నెలలు. ఆ పెళ్ళికి గారేజీలో అందరికీ బిర్యానీ పంపారు. రెండు నిమిషాలు. ఇప్పుడు టైరు ఎంత వేడెక్కి ఉంటుందో అతనికి తెలుసు. నాలుగు నిమిషాలకు ఎంత, ఎనిమిది నిమిషాలకు ఎంత, అన్నీ తెలుసు. తెలిసినవాడు కాబట్టే అతని చేతికి ఫారం ఇచ్చారు.

తొమ్మిదో నిమిషంలో అతను రోడ్డు వైపు చూడలేక వ్యానుకు ఆనుకుని నేల వైపు చూశాడు. దావూద్ ఏదో అడిగాడు, వినబడలేదు. ఏమన్నా అయితే దొరికిపోతానే అని ఒక ఆలోచన వచ్చింది. రెండు ప్రాణాల సంగతి తర్వాత, ముందు తన సంగతి గుర్తొచ్చినందుకు చిన్నపుల్లయ్య తన మీద తనే ఉమ్మేసుకోవాలన్నంత అసహ్యపడ్డాడు.

పదమూడు నిమిషాలు దాటాక దుమ్ములోంచి నీలం చుక్క కనబడింది. అది కారై, మోతై, గీత దాటి పోయింది. పవన్ కుమార్ టైము రాసుకుని, "థర్డ్ ప్లేసండి బాబాయ్ గారూ! మీ సారే!" అని కేకేశాడు.

కారు తిరిగి వచ్చి ఆగేసరికి చిన్నపుల్లయ్య దాని వెనక కుడి చక్రం దగ్గర ఉన్నాడు. అరచెయ్యి టైరు మీద పెట్టాడు, కాలింది, తియ్యలేదు. లోపలి అంచున పైపొర లేచి వేలాడుతోంది. అరచేతంత ముక్క ఎక్కడో రోడ్డు మీద రాలిపోయింది. ఇంకో కిలోమీటరు ఉండుంటే అనుకుని అక్కడే కూలబడ్డాడు. బదర్ దిగి వచ్చి అతన్ని లేపి కావిలించుకున్నాడు.

"మూడోది పుల్లయా! మూడోది!"

పవన్ కుమార్ బదర్ చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. మీ మనిషి నా ప్రాణం కాపాడాడు, ఆరేళ్ళ టైరు, నాకు కనబడని తారీఖు ఆయనకు కనబడింది, ఎంత బతిమాలినా వినలేదు. బదర్ నవ్వుతూ విని, చిన్నపుల్లయ్య వైపు గర్వంగా చూసి, మా పుల్లయ్య అంతే, అన్నాడు. చిన్నపుల్లయ్య నేల చూశాడు.

"టైరు వేడిగా ఉంది సార్. ఇంటికి మెల్లగా పోండి," అని మాత్రం చెప్పాడు. అంతమాత్రం చెప్పి, ఏదో చెప్పేసినట్టు తనను తాను సమాధానపరచుకున్నాడు.

శనివారం పదింటికి బదర్ కారు సందులోకి వచ్చింది, నడిచినంత నెమ్మదిగా. బదర్ ఒక్కడే ఉన్నాడు. ఫోను చెవి దగ్గర లేదు. దావూద్ నమస్తే చెబితే తలూపి, నేరుగా చిన్నపుల్లయ్య దగ్గరికి వచ్చాడు.

"వెనక కుడి. చదువు," అన్నాడు.

చిన్నపుల్లయ్య అట్ట కూడా వేసుకోలేదు. మోకాళ్ళ మీద వంగి, "పద్దెనిమిది, సున్నా మూడు," అన్నాడు. కింద చూడవలసిన పని లేకపోయింది.

"నాకు ఇవాళ పొద్దున తెలిసింది. ఆ మనిషి నిన్న అంతసేపు పొగిడాడు కదా, నా టైర్ల తారీఖు ఎక్కడుంటుందో చూద్దామని సరదాగా కారు కిందికి దూరాను." బదర్ టైర్ల దొంతర మీద కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. "బుధవారం నువ్వు చదివావా?"

"చదివాను."

"సరిగ్గానే కనబడిందా?"

"రెండుసార్లు చదివాను సార్."

"పాస్ చెయ్యమని ఎవరు చెప్పారు? మా నాన్నా?"

"ఎవరూ చెప్పలేదు."

బదర్ ఆ టైరు వైపు ఒకసారి చూశాడు. తర్వాత చెప్పిన మాటకు చిన్నపుల్లయ్య తయారుగా లేడు. తిడతాడనుకున్నాడు, ఖలాస్, సామాను సర్దుకో అంటాడనుకున్నాడు.

"అతను మీ ఊరివాడు, అతన్ని కాపాడుకున్నావు," అన్నాడు బదర్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను పరాయివాణ్ణి, నన్ను పోనిచ్చావు. పదేళ్ళప్పుడు నా సైకిల్ టైరుకు గాలి కొట్టింది నువ్వు. నా చెల్లెలి మొగుడు పక్కన కూర్చున్నాడు పుల్లయా. మేం నీకు ఏమీ కామా?"

ఇంత అన్యాయమైన మాట అనిపించుకుంటానని చిన్నపుల్లయ్య కలలో కూడా అనుకోలేదు. అందులో అన్యాయం ఎక్కడుందో వెతికితే దొరకలేదు. ఒప్పుకుంటే పోతుంది. మా ఊరివాడని చూసుకున్నాను సార్, తప్పయింది, అంటే బదర్‌కు అర్థమవుతుంది. రూబీ కూడా అలాగే అనుకుంటోంది. ఇద్దరూ తనను నిజానికన్నా మంచివాణ్ణి చేస్తున్నారు.

"కాదు సార్," అన్నాడు. "నేను అతన్ని కాపాడలేదు. అతను నన్ను ఏమీ చెయ్యలేడు. అందుకని అందరి ముందూ ఆపాను, నవ్వించాను. కాస్త టైమివ్వమంటే ఇవ్వలేదు. నాకు బాగా అనిపించింది." అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "మిమ్మల్ని ఆపాలంటే భయమేసింది. అంతే."

"భయమా? నేనెప్పుడైనా నిన్ను తిట్టానా?"

"లేదు సార్."

"మా నాన్న జీతం ఆపాడా? పాస్‌పోర్టు లాక్కున్నాడా? నీ తమ్ముడు పోయినప్పుడు ఊరికి పోతానంటే ఆపాడా?"

"ఎప్పుడూ లేదు సార్."

"మరి దేనికి భయం?"

చిన్నపుల్లయ్య నిజంగానే వెతికాడు. పదహారేళ్ళలో వాళ్ళు చేసిన ఒక్క చెడ్డపని దొరికినా దాని వెనక నిలబడొచ్చు. దొరకలేదు.

"అలవాటు సార్," అన్నాడు.

బదర్ లేచి నిలబడ్డాడు. "ఆ మనిషి దగ్గరికి పోదాం. ఇదే మాట అతనికీ చెప్పు. ఎక్కు."

చిన్నపుల్లయ్య ఎక్కాడు. ముందు సీట్లో కూర్చోవడం అదే మొదలు. కారు సందు దాటి పెద్దరోడ్డు ఎక్కింది. బదర్ పళ్ళు బిగించి, రోడ్డు తప్ప ఇంకేమీ చూడకుండా నడుపుతున్నాడు. కోపంలో కాలు బరువెక్కుతోంది. అరవై. ఎనభై. వెనక కుడి చక్రం నుంచి టపటపమని చప్పుడు మొదలైంది, లేచిన పైపొర లోపల రేకుకు కొట్టుకుంటున్న చప్పుడు. బదర్‌కు అది వినబడుతోందో లేదో తెలియదు. తొంభై. చిన్నపుల్లయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నోరు మళ్ళీ మూసుకుపోయి ఉంది. ఇప్పుడే కదా అంతా ఒప్పుకున్నది, ఇంకా ఇదేం రోగం, అని తన మీద తనకే మండింది.

"వగ్గఫ్!" అని అరిచాడు. "ఆపు! ఆపు బదర్! ఈ టైరు మీద పోగూడదు. ఆపమంటాంటే!"

సగం తెలుగే. సార్ అన్నది ఎక్కడో జారిపోయింది. బదర్ ఉలిక్కిపడి అతని వైపు చూసి, వేగం తగ్గించి, కారును రోడ్డు పక్కకు తీసి ఆపాడు. ఇద్దరూ దిగారు. ఎండ మొహాన కొట్టింది. పైపొర జానెడు పొడవున లేచి పక్కకు వేలాడుతోంది. బదర్ దాన్ని వేలితో ముట్టుకుని చూసి పైకి లేచాడు.

"బుధవారం ఈ ఒక్క మాట అనుంటే," అన్నాడు.

"అవును."

బదర్ కారుకు ఆనుకున్నాడు. కోపం దిగిపోయినట్టుంది. "సరే, ఖలాస్. ఆ మూడో స్థానం నేనే వెనక్కి ఇచ్చేస్తాను. టైరు సంగతి నాకే ముందు తెలియలేదంటాను. నీ పేరు రాదు. అతని దగ్గరికి కూడా పోనక్కర్లేదు. దావూద్‌ను పిలువు, టైరు మార్చుకుని పోదాం."

చిన్నపుల్లయ్య ఫోను తీసి దావూద్‌కు చేశాడు. టైరు సైజు చెప్పాడు, ఎక్కడున్నారో చెప్పాడు.

"దావూదూ, ఇంగో మాట. ఆ బుధవారం ఫారం తీసి పెట్టు. బదర్ సార్ది. వెనక కుడి నేను అబద్ధం జెప్పినా. సున్నా ఏడు గాదు, సున్నా మూడు. నేనొచ్చి కొట్టేసి రాసి, మళ్ళా సంతకం పెడతా. క్లబ్బోళ్ళకు నేనే ఇస్తా."

"ఎందుకన్నా?" అన్నాడు దావూద్. ఎందుకు చెబుతున్నావని అడిగాడో, ఎందుకు చేశావని అడిగాడో చిన్నపుల్లయ్యకు తెలియలేదు. "వచ్చినాక చెప్తా," అని పెట్టేశాడు.

"దావూద్ వచ్చేదాకా మీరిక్కడే ఉండండి సార్. కారు కదిలించొద్దు," అన్నాడు బదర్‌తో.

"నువ్వెక్కడికి?"

చిన్నపుల్లయ్య అప్పటికే రోడ్డు అంచుకు పోయి, వస్తున్న టాక్సీకి చెయ్యి ఎత్తాడు. రూబీ మొహం కళ్ళ ముందు మెదిలి ఒళ్ళంతా సిగ్గుతో చచ్చిపోయింది. ఆమె ప్రార్థనలో తన పేరు ఉంది. దాన్ని తీసేసుకోమ్మా అని చెప్పాలి, ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియదు. టాక్సీ ఆగింది. చిన్నపుల్లయ్య తలుపు తీసి కూర్చుని, సాల్మియా అని చెప్పాడు.